పగ సినిమాకి వచ్చినవాళ్ళు

సత్తెనపల్లి రేకుల హాల్లో కొత్త దయ్యాల సినిమా పడిన రోజున కరీమున్ పెందరాళే వంట ముగించేది. అన్నం, పప్పు వండి, మొగుడు బుడాన్‌కి కంచంలో పెట్టి మూతేసి, సగం కుట్టిన పరుపుని గోడవారకి జరిపి, సూదిని దాని అంచుకే గుచ్చి, తల దువ్వుకుని బయల్దేరేది. వాళ్ళది దూదేకుల ఇల్లు. ఎంత దులుపుకున్నా చీర మీద ఎక్కడో ఒక దూది పింజ అంటుకునే ఉండేది. దారిలో ఎవరైనా "మ్యాట్నీకా?" అని అడిగితే, "ఆఁ, పిల్ల దగ్గరికి" అనేది.

పిల్ల అంటే నస్రత్. చనిపోయి మూడేళ్ళవుతోంది.

ఆ హాలుకి అసలు పేరు వేరే ఉండేది. బోర్డు మీద అక్షరాలు రాలిపోయాక అందరూ రేకుల హాలనే పిలుస్తున్నారు. పెద్ద హీరోల సినిమాలన్నీ ఏసీ హాళ్ళకి తరలిపోతే దీనికి మిగిలినవి దయ్యాల సినిమాలే. చనిపోయినవాళ్ళు వచ్చేది కూడా వాటికే కాబట్టి హాలు ఎలాగో నెట్టుకొస్తోంది. లైట్లార్పి తెర మీద పేర్లు పడుతుండగా వాళ్ళు వచ్చి, తమవాళ్ళ పక్కన ఖాళీగా వదిలిన సీట్లో కూర్చుంటారు. ఎటు నుంచి వచ్చారో కనపడదు, ఇటు తిరిగి చూసేసరికి ఉంటారు. ఇంటర్వెల్లో లైట్లేస్తే ఉండరు, ఆర్పితే మళ్ళీ ఉంటారు. పోయిన రోజు ఏ బట్టల్లో ఉన్నారో ఆ బట్టలే. మాట్లాడరు. తెర మీంచి చూపు తిప్పరు. చెయ్యి పట్టుకోబోతే దూదిలో చెయ్యి పెట్టినట్టుంటుంది, అంతే. హాలు నడిపే జోసఫ్ టిక్కెట్టు చించుతూ, "ఒకటేనా అక్కా, పక్కది కూడా వదిలెయ్యనా?" అని అడిగేవాడు.

అయితే అన్ని దయ్యాల సినిమాలకీ అందరూ రారు. మిరప రైతు బుల్లయ్య ఉన్నాడు, ఆయన భార్య వెంకటరావమ్మ బంగళా సినిమాలకే వస్తుంది. నలుగురు కమెడియన్లు పాత బంగళాలో ఇరుక్కుని, దయ్యాన్ని చూసి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పరిగెత్తుతుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతుంది. బతికున్నప్పుడు అంత నవ్వలేదని బుల్లయ్యే అంటాడు. జోసఫ్ వాళ్ళ నాన్న ఇంగ్లీషు నుంచి డబ్బింగైన సినిమాలకొస్తాడు, అందులోనూ ఫాదర్ శిలువ పట్టుకుని, మంచానికి కట్టేసిన పిల్లలోంచి దయ్యాన్ని వదిలించే రకానికి. నిమ్మకాయలూ పుర్రెలూ ఉండే మాంత్రికుడి సినిమాలకి పాము కరిచి పోయినవాళ్ళు, విషజ్వరాలొచ్చి పోయినవాళ్ళు వస్తారుగానీ, చివర్లో అమ్మవారు త్రిశూలంతో దిగే ముందు మర్యాదగా మాయమైపోతారు. ముసుగేసుకున్నవాడెవడో అడవిలో కాలేజీ పిల్లల్ని నరికే సినిమాకి ఒక్కరూ రారు. అందులో చచ్చేవాళ్ళేగానీ చచ్చినవాళ్ళుండరు.

ఒకసారి జోసఫ్ తెలీక ఇంకో రకం వేశాడు. ఆఖర్లో ఒక డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, దయ్యమూ లేదు పాడూ లేదు, అంతా ఆ అమ్మాయి మనసులోని జబ్బేనని చెప్తాడు. ఆ మాట వినపడగానే హాల్లో ఒక్కో సీటే ఖాళీ అయింది. వాళ్ళలో కొందరు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అప్పట్నుంచి జోసఫ్ ప్రతి సినిమానీ ముందుగా తనొక్కడే కూర్చుని ఆఖరి దాకా చూసిగానీ బోర్డు పెట్టేవాడు కాదు.

నస్రత్ వచ్చేది పగ సినిమాలకే.

పగ సినిమా ఎలా నడుస్తుందో కరీమున్‌కి కంఠతా వచ్చేసింది. ఒక అమాయకురాలు ఉంటుంది. పాడుతుంది, ముగ్గేస్తుంది, గేదెదూడని ముద్దుపెట్టుకుంటుంది. ఆ పిల్లని డబ్బున్నవాడూ వాడి మనుషులూ కలిసి చంపి, నూతిలోనో గోడలోనో పూడ్చేస్తారు. కొన్నేళ్ళకి ఆ ఇంట్లోకి కొత్త దంపతులు దిగుతారు. కుక్క మొరుగుతుంది, లైటు కొట్టుకుంటుంది, అద్దంలో ఇంకో ముఖం కనపడుతుంది. కొత్త పెళ్ళికూతురి గొంతు మారిపోతుంది. ముందు చిన్నవాళ్ళు చస్తారు. ఆఖరికి అసలువాడు. వాడు చచ్చే ముందు ఆ పిల్ల వాడి కళ్ళలోకి చూసి, "గుర్తుపట్టావా?" అని అడుగుతుంది. వాడు గుర్తుపడతాడు. హాలంతా ఈలలేస్తుంది.

మొదట్లో కరీమున్ సినిమా చూసేది కాదు. కూతుర్నే చూసేది. జుట్టులో పత్తి తుక్కు, పచ్చ చుడీదారు, సగానికి చిరిగిన చున్నీ. ఆ చున్నీ కొసే పత్తి మిల్లులో తిరిగే బెల్టుకి చిక్కింది. బెల్టుకి అడ్డంగా ఇనప జాలీ ఉండాలి. ఉంటే మాటిమాటికీ తీసి తుక్కు దులపాలి, పని ఆగుతుందని ఎప్పుడో ఊడదీసి పక్కన పడేశారు. నస్రత్ చేరింది ఆ సీజన్లోనే. డిగ్రీలో చేరేలోపు కాసిని రోజులని వెళ్ళింది. పోలీసులొచ్చారు, మిల్లు మేనేజరొచ్చాడు, చున్నీ ముడేసుకోకపోవడం ఆ అమ్మాయి తప్పేనని రాసుకుని వెళ్ళారు. మిల్లు ఓనరు శివరామకృష్ణగారు ఆరోజు ఊళ్ళో లేరన్నారు. తర్వాత కూడా ఆయన రాలేదు.

పోనుపోను కరీమున్ కూతురితోపాటు తెరని కూడా చూడసాగింది. ఈ పిల్ల ఇన్ని రకాలుండగా దీనికే ఎందుకొస్తోంది? బతికున్నప్పుడు దానికి పాటల సినిమాలు ఇష్టం. దయ్యమంటే దుప్పటి ముసుగేసుకునేది. ఆలోచించగా ఆలోచించగా ఒకనాడు ఆమెకి తట్టింది. పిల్ల నేర్చుకుంటోంది. ఎలా తీర్చుకోవాలో చూసి నేర్చుకుంటోంది.

ఆ మాట బుడాన్‌తో అంది. బుడాన్ హాలుకి ఒక్కసారే వచ్చాడు. పిల్ల పక్కన కూర్చుని, ఇంటర్వెల్ దాకా కూడా ఉండలేక లేచొచ్చేశాడు. దూది ఏకుతూనే విని, "అది సినిమా చూట్టానికొస్తోంది. చూడనియ్యి," అన్నాడు.

"మూడేళ్ళా?"

"దానికక్కడ ఏళ్ళేం తెలుస్తాయే."

కానీ ఆ ఆలోచన కరీమున్‌ని వదల్లేదు. ప్రతి పగ సినిమాలోనూ, అసలువాణ్ణి దయ్యమున్న చోటికి తీసుకొచ్చే మనిషి ఒకరుంటారు. ముసలి వాచ్‌మనో, పనిమనిషో, చచ్చిన పిల్ల తల్లో. వాడంతట వాడు రాడు. ఎవరో ఒకరు తేవాలి.

మాఘమాసం చివర్లో శివరామకృష్ణగారింటి నుంచి కబురొచ్చింది. పరుపు ఒకటి విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టాలట. బుడాన్‌కి నడుంనొప్పి. "నేను పోతాలే," అంది కరీమున్, దూది ఏకే విల్లు భుజానేసుకుంటూ. బుడాన్ ఆమె ముఖంకేసి చూశాడు.

పెద్ద ఇల్లు. వరండాలో చాప పరిచి పరుపు తెచ్చి పడేశారు. ఒంటిమనిషి పరుపు. మధ్యలో పల్లం పడి ఉంది. శివరామకృష్ణ భార్య గుమ్మంలోనే నిలబడి, "దూది కొత్తది కలపొద్దమ్మా. ఉన్నదే ఏకు," అని లోపలికెళ్ళిపోయింది. అది వాళ్ళబ్బాయి మణిదీప్ పరుపు. కిందటి వేసవిలో స్నేహితులతో కొత్తపట్నం వెళ్ళి సముద్రంలో పోయాడు. ఒక్కడే కొడుకు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

కరీమున్ పరుపు విప్పి విల్లు మీటుతుంటే శివరామకృష్ణ బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ని ఆమె దగ్గరగా చూడటం అదే మొదలు. తెల్లచొక్కా, మాసిన గడ్డం. ఎంత భయంకరంగా ఉంటాడో అనుకుంది ఇన్నాళ్ళూ. మామూలుగా ఉన్నాడు. ఎగిరే దూదిని చూస్తున్నాడు.

"రేకుల హాలుకి నువ్వు ప్రతి సినిమాకీ వెళ్తావంటగా," అన్నాడు చివరికి.

"వెళ్తానండి."

"నేనూ వెళ్ళానమ్మా. బంగళా సినిమాకి వెళ్ళా. ఆ నిమ్మకాయల సినిమాకి వెళ్ళా. ఇంగ్లీషుదానికీ వెళ్ళా. మా వాడు రాలేదు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని కూర్చునొచ్చా."

"పగ సినిమాకి వెళ్ళారా అండి?"

"దానికెందుకు? వాడికెవరి మీదమ్మా పగ?"

కరీమున్ చేతిలో విల్లు ఆగింది. తర్వాత తన నోట్లోంచి వచ్చిన మాటలు తనవి కావన్నట్టే విన్నది. "మొన్న పగ సినిమాలో ఒకబ్బాయొచ్చాడండి. తడిబట్టలు. ఎవరి పక్కనా కూర్చోలేదు. గోడవారన నిలబడి చూసి పోయాడు. మీవాడేమో."

అది అబద్ధం. అలాంటి అబ్బాయెవరూ రాలేదు.

శివరామకృష్ణ లేచి రెండడుగులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు. "నా మీదేనమ్మా," అన్నాడు మెల్లిగా. "వాళ్ళమ్మ వద్దంది. కారెందుకు, సముద్రమెందుకు అంది. వాడూ మానేద్దామనే అనుకున్నాడు. నేనే, మగపిల్లాడు ఆ మాత్రం తిరక్కపోతే ఎలా అని తాళాలిచ్చి పంపా."

కరీమున్‌కి దగ్గొచ్చింది, దూదేమో అనుకుంది. "వచ్చే శుక్రవారం పగ సినిమా పడుతోందండి," అంది తలెత్తకుండా. "మ్యాట్నీకి రండి. నా వరసలోనే కూర్చుందురుగాని."

ఆ శుక్రవారం ఊరంతా మిరప ఘాటే. లారీలు మిరపకాయల టిక్కీలు, అవే పెద్ద బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకి వరసగా పోతున్నాయి. హాలు బయట టిక్కెట్ల కోసం నిలబడ్డవాళ్ళు తుమ్ముతున్నారు. శివరామకృష్ణ అందరికంటే ముందే వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, భుజాన కొత్త తువ్వాలు. పిల్లాడు తడిగా ఉంటాడని తెచ్చుకున్నాడు.

వరసలో గోడవైపు చివర కరీమున్ కూర్చుంది. పక్క సీటు నస్రత్‌కి. దాని పక్కన శివరామకృష్ణని కూర్చోమంది. ఆయనకి అటుపక్క ఇంకో సీటు ఖాళీ, మణిదీప్‌కి. లైట్లారాయి. పేర్లు పడ్డాయి. కరీమున్ తల తిప్పేసరికి నస్రత్ ఉంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తెరని చూస్తూ.

అటుపక్క సీట్లో ఎవరూ లేరు.

సినిమా మామూలుగానే మొదలైంది. సున్నపుబట్టీలో పనిచేసే పిల్ల, దాని మీద కన్నేసిన బట్టీ యజమాని. పిల్లని బట్టీలో తోసేశారు. కొత్త దంపతులు దిగారు. కుక్క మొరిగింది. కరీమున్ మాటిమాటికీ చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంటోంది. తెర మీద మొదటివాడు చచ్చాడు. లైట్లు వెలిగాయి, ఇంటర్వెల్. నస్రత్ సీటు ఖాళీ. శివరామకృష్ణ సీట్లోంచి కదల్లేదు.

కరీమున్ మంచినీళ్ళ కోసం బయటికొచ్చింది. బుల్లయ్య టీ తాగుతున్నాడు. ఆయన భార్య పగ సినిమాలకి రాదు, అయినా వేరే పని లేక వస్తుంటాడు.

"ఈ సినిమా నేను నిన్ననే గుంటూరులో చూశానమ్మాయ్," అన్నాడు. "ఆఖర్లో ఆ పిల్ల వాణ్ణి అదే బట్టీలో వేసేసి పైకెళ్ళిపోద్ది."

"పైకా?"

"ఆఁ. వెలుగొస్తదిగా. ఏ పగ సినిమా అయినా అంతేగా. పగ తీరాక దయ్యమెందుకుంటది? పోవాల్సిందే."

ఆ వెలుగు కరీమున్ ఎన్నిసార్లు చూడలేదు? ప్రతి సినిమాలోనూ చూసింది. వాడు చచ్చాడు, ఇక అయిపోయిందని అప్పుడు చెప్పులు వెతుక్కుంటూ ఉండేది. నోట్లో నీళ్ళు మింగడం మర్చిపోయి నిలబడింది. తీర్చుకున్న పిల్ల ఉండదు. మళ్ళీ రాదు.

పరిగెత్తినట్టే లోపలికొచ్చింది. ఆయన్ని లేపి పంపేద్దామనుకుంది. మీవాడు ఈవేళ రాడండి, ఇంటికెళ్ళండి అని నోటిదాకా వచ్చింది. అంతలో లైట్లారిపోయాయి. నస్రత్ వచ్చి కూర్చుంది.

రెండో సగం కరీమున్‌కి ఏమీ కనపడలేదు. ఆయన్ని చంపమని మనసు ఒకపక్క అంటుంటే, వద్దు తల్లీ కదలకు అని ఇంకోపక్క అంటోంది. కూతురి చేతి మీద చెయ్యేసింది. దూది. గట్టిగా అదిమింది. వేళ్ళ మధ్య నుంచి ఇంకా దూది.

బట్టీ యజమాని పరిగెడుతున్నాడు. తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయి. అప్పుడు నస్రత్ తల తిప్పింది. మూడేళ్ళలో మొదటిసారి తెర మీంచి చూపు తిప్పి, పక్కన కూర్చున్న మనిషిని చూసింది.

శివరామకృష్ణ గమనించాడు. ముందుకి వంగి కరీమున్‌ని అడిగాడు. "ఈ అమ్మాయెవరమ్మా, నావైపే చూస్తోంది?"

"మా అమ్మాయండి. మీ మిల్లులో పోయింది."

"ఏ అమ్మాయి?" అన్నాడు. "బెల్టులో పడ్డ అమ్మాయా, పత్తి బేలు మీద పడి పోయిన అమ్మాయా?"

ఆ గొంతులో వెటకారం లేదు, భయమూ లేదు. గుర్తుతెచ్చుకోడానికి ప్రయత్నిస్తున్నాడు.

"బెల్టండి," అంది కరీమున్.

"ఆఁ," అన్నాడాయన.

కరీమున్ కూతురి ముఖంలోకి చూసింది. అందులో కోపం కోసం వెతికింది. సినిమాలో పిల్లకి చంపినవాడి ముఖం తెలుసు, ఆ ముఖాన్ని చూస్తూనే చస్తుంది. నస్రత్ చచ్చేటప్పుడు చూసింది తిరిగే బెల్టుని. ఈయన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన ఎవరో దానికి తెలీదు. దానివైపు చూస్తున్న పెద్దాయన, అంతే.

ఆ పెద్దాయన అప్పటికే అటుపక్క ఖాళీ సీటు మీద చెయ్యేసి ఏడవడం మొదలెట్టాడు. "రాలేదమ్మా మావాడు. దీనికి కూడా రాలేదు." తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నా వెక్కిళ్ళు ఆగటంలేదు. ముందు వరసవాళ్ళు ఒకసారి వెనక్కి చూసి ఊరుకున్నారు. ఆ హాల్లో ఏడవడం కొత్త కాదు.

నస్రత్ ఆయన ఏడుపుని చూస్తూ ఉంది. తర్వాత లేచింది.

"కూర్చో తల్లీ," అంది కరీమున్. "వద్దమ్మా. కూర్చో."

నస్రత్ చేతులు ఆయన గొంతు వైపు వెళ్ళలేదు. వెనకవాళ్ళకి తెర అడ్డం రాకుండా వంగి, ఆయన మోకాళ్ళు తగలకుండా పక్కకి జరుగుతూ వరస దాటింది. నడవాలోంచి తలుపు దాకా నడిచి, తలుపు తోసుకుని బయటికెళ్ళింది. చనిపోయినవాళ్ళు అలా తలుపులోంచి వెళ్ళగా ఎవరూ చూళ్ళేదు. ఒక్క క్షణం ఎండ లోపలికి పడి, మిరప ఘాటు కమ్మి, తలుపు మళ్ళీ మూసుకుంది.

తెర మీద యజమాని బట్టీ అంచున వేలాడుతున్నాడు. "గుర్తుపట్టావా?" అంది ఆ పిల్ల. హాలంతా ఈలలేసింది. మంటలు లేచాయి.

తలుపు తెరుచుకుంది. నస్రత్ ఒక కుర్రాడి మోచెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. నిక్కరూ బనీనూ ఒంటికి అంటుకుపోయి నీళ్ళు కారుతున్నాయి. కాళ్ళకి ఇసక. చాలాదూరం నడిచొచ్చినవాడిలా తూలుతున్నాడు. వరసలోకి తీసుకొచ్చి, శివరామకృష్ణ పక్కన ఖాళీ సీట్లో కూర్చోబెట్టింది. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తెరని చూడసాగాడు.

శివరామకృష్ణ తువ్వాలు తీసి ఆ తల మీద వేశాడు.

నస్రత్ మాత్రం కూర్చోలేదు. తన సీటు ముందు నిలబడి ఉంది. తెర మీద వెలుగొచ్చింది. ఆ సినిమాలో పిల్ల చేతులు చాపి అందులోకి నడుస్తోంది. ఆ తెల్లటి వెలుగు నస్రత్ ముఖం మీదా, జుట్టులో పత్తి తుక్కు మీదా పడింది. అప్పుడు అమ్మవైపు తిరిగింది. నవ్వలేదు, ఏడవలేదు. ఇంటి నుంచి పనికి బయల్దేరేటప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. శుభం పడింది. లైట్లు వెలిగాయి.

నస్రత్ సీటు ఖాళీ. మణిదీప్ సీటు కింద నీళ్ళు, కాస్త ఇసక.

ఆ తర్వాత పడిన పగ సినిమాకి నస్రత్ రాలేదు. దాని తర్వాతదానికీ రాలేదు. కరీమున్ బంగళా సినిమాకి వెళ్ళి చూసింది, మాంత్రికుడిదానికి వెళ్ళింది, ఎవరూ రాని ముసుగువాడి సినిమాకి కూడా వెళ్ళి కాలేజీ పిల్లల మధ్య కూర్చుంది. పక్క సీటు మీద చెయ్యేసి తడిమితే రెక్సిన్ తగిలేది, గరుకుగా, వెచ్చగా.

మణిదీప్ మాత్రం అన్నిటికీ వస్తున్నాడు. రకంతో పనిలేదు. లైట్లారితే చాలు. శివరామకృష్ణ రోజూ మ్యాట్నీకి కారులో వచ్చి, పొడి తువ్వాలుతో ఆ తల తుడుస్తూ కూర్చుంటాడు. తుడిచినంతసేపూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. హాలు మూసి గోడౌను చేస్తారని ఆ మధ్య ఒక మాట పుట్టింది. ఆయన వెళ్ళి హాలునే కొనేశాడు. జోసఫ్‌కి ఇక దిగుల్లేదు. బుల్లయ్యకీ లేదు. కరీమున్ ఎదురైతే శివరామకృష్ణ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవాడు. "నీ పుణ్యమేనమ్మా. నువ్వు చెప్పబట్టి వచ్చా," అనేవాడు.

మిల్లు నడుస్తూనే ఉంది. జాలీ పెట్టారా అని కరీమున్ అక్కడ పనికి పోయే ఆడవాళ్ళని అడిగింది. జాలీ ఏంటని వాళ్ళు అడిగారు.

ఒక మధ్యాహ్నం ఆమె హాలుకి వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుంది. పరుపుకి ఒక పక్క కుట్టి, రెండోపక్క మొదలెట్టి, మధ్యలో ఆపేసింది.

"ఎందుకలా చేసిందది?" అంది.

బుడాన్‌కి ఎవరని అడగాల్సిన అవసరం రాలేదు. "దానికాయనెవరో తెలీదుగా," అన్నాడు.

"నేను చెప్పాగా. మీ మిల్లులో పోయిందని ఆయనతో దాని ముందే చెప్పాగా."

బుడాన్ చాలాసేపు దూదిలో వేళ్ళు పెట్టి గింజలేరుతూ కూర్చున్నాడు. అందులో గింజలేమీ లేవు.

"పెద్దమనిషి ఏడుస్తుంటే ఊరుకోలేక వెళ్ళుంటుంది," అన్నాడు. "చిన్నప్పట్నుంచి దానికి మనం నేర్పింది అదేగా కరీమూ. ఇంకోటి నేర్పామా?"

కరీమున్ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు. బుడాన్ లేచొచ్చి పక్కన కూర్చున్నాడుగానీ వీపు మీద చెయ్యెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

ఎండలు ముదిరాయి. యార్డుకి పోయే లారీలు పల్చబడ్డాయి. ఇంట్లో ఉండలేక కరీమున్ మళ్ళీ మ్యాట్నీకి వెళ్ళింది. పగ సినిమానే. మొదలు నుంచి చివరి దాకా ఒంటరిగా చూసింది. వదిలాక బయటికొస్తుంటే శివరామకృష్ణ గుమ్మం దగ్గర ఆమె కోసం ఆగి ఉన్నాడు. ముఖం నిండుగా ఉంది. ఒళ్ళు చేశాడు.

"ఏమ్మా, మీ అమ్మాయి కనపట్టంలేదీమధ్య?" అన్నాడు.

ఆ హాల్లో ఆ మాట అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. కరీమున్ ఆయన వైపు చూసింది. నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నాడు.

"పనికి పోయిందండి," అంది.

"ఎక్కడికి?"

"మిల్లుకి."

తడి తువ్వాలు మడతపెడుతున్న ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఆ మడత సరిచేసుకుని, "మంచిది," అన్నాడు.